విక్టోరియా హాలుకు అద్దె ఎంత ఉండాలి?

చెన్నై సెంట్రల్ స్టేషన్ నుంచి బయటికొచ్చి పూనమల్లి హైరోడ్డు వెంట పడమరగా నడిస్తే, సబర్బన్ స్టేషన్‌కూ నగరపాలక సంస్థ వారి తెల్లని రిపన్ భవనానికీ నడుమ ఎర్ర ఇటుకల మేడ ఒకటి కనిపిస్తుంది. అదే విక్టోరియా పబ్లిక్ హాల్. ఏళ్ల తరబడి తలుపులు మూసుకుని, చుట్టూ దుకాణాలు కమ్మేసి, పక్కనే మెట్రో సొరంగం పనులు సాగుతుంటే బిక్కుబిక్కుమంటూ నిలబడిన భవనమిది. చెన్నై నగరపాలక సంస్థ ‘సింగార చెన్నై 2.0’ పథకం కింద సుమారు 32 కోట్ల రూపాయల ఖర్చుతో 2023లో దాని పునరుద్ధరణకు పూనుకుంది. కింది అంతస్తులో ప్రదర్శనశాల, పై అంతస్తులో నాటకాలకూ సంగీతానికీ వేదిక ఉండాలన్నది ఆలోచన. మనసారా మెచ్చుకోవలసిన పని. అయితే ఈ ఖర్చు సద్వినియోగమైందో లేదో తేలేది మరోచోట. పదిహేను మంది కలిసి చందాలు వేసుకుని నడుపుకునే చిన్న నాటక సమాజం అక్కడ ఒక సాయంత్రం హాలు తీసుకోగలదా, లేదా? నా దృష్టిలో అసలు పరీక్ష అదే.

అద్దెకు అంత ప్రాధాన్యం ఎందుకివ్వాలో ఆ హాలు చరిత్రే చెబుతుంది. ఆ చరిత్రలో తెలుగువారి భాగం తక్కువేమీ కాదు.

మద్రాసుకు ఒక టౌన్‌హాలు కావాలని 1882లో నగర ప్రముఖులు పచ్చయ్యప్ప హాలులో సమావేశమై తీర్మానించారు. తిరువాన్కూరు దివానుగా పేరుపొందిన ఎ. శేషయ్య శాస్త్రి ఆ కమిటీకి పెద్ద. 1883 డిసెంబర్ 17న శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు, అంటే గురజాడ అప్పారావును ఆదరించిన ప్రభువు. సంస్థానాధీశులు, జమీందారులు, వర్తకులు చందాలిచ్చారు. గవర్నర్ ట్రెవెలియన్ కాలంలో ఏర్పడిన పీపుల్స్ పార్కులోంచి మునిసిపాలిటీ 57 గ్రౌండ్ల స్థలం ఇచ్చింది. గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు కనుక మొత్తం మూడెకరాలు దాటుతుంది. గ్రౌండుకు ఎనిమిదణాల నామమాత్రపు గుత్త మీద, 1886 ఏప్రిల్ నుంచి 99 ఏళ్లకు రాసిచ్చారు. నమూనా గీసింది రాబర్ట్ చిషోమ్. కట్టించింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి, ఆనాటి మద్రాసులో పెద్ద భవనమేది లేచినా మేస్త్రీల మధ్య వినిపించిన కాంట్రాక్టరు పేరు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం ఆ రోజుల్లోనే రావడంతో భవనానికి ఆమె పేరు పెట్టారు. కింద ఒక హాలు, మీద ఒక హాలు, ఒక్కొక్కదాంట్లో ఆరువందల మంది కూర్చోవచ్చు. మీది హాలులో తూర్పు వైపు ఉన్న చెక్క గ్యాలరీలో మరో రెండువందల మంది పడతారు.

ఈ ఏర్పాటును జాగ్రత్తగా గమనించాలి. డబ్బు దాతలది, నేల మునిసిపాలిటీది, నిర్వహణ ట్రస్టుది. హాలుకు ప్రాణం పోసిందీ ఈ ఏర్పాటే, తర్వాతి కాలంలో దాని గొంతు నులిమిందీ ఇదే.

భవనం పూర్తయిన తొలి రోజుల్లోనే, 1891లో, బళ్లారి నుంచి సరస వినోదిని సభ వారు మద్రాసు వచ్చి ఇక్కడ తెలుగు నాటకాలు ఆడారు. ఆ సభకు సారథి ధర్మవరం రామకృష్ణమాచార్యులు. వృత్తికి బళ్లారిలో వకీలు, ప్రవృత్తికి నాటకకర్త, నటుడు. ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకునేది ఆయననే. చదువుకున్నవారు, ఉద్యోగస్థులు, సంఘంలో మర్యాద ఉన్నవారు ముఖానికి రంగేసుకుని రంగస్థలం ఎక్కడం మద్రాసు ప్రేక్షకులకు కొత్త. ఆ ప్రేక్షకుల్లో పద్దెనిమిదేళ్ల తమిళ యువకుడొకడు ఉన్నాడు, పేరు పమ్మల్ సంబంధ ముదలియార్. అంతవరకూ తన భాషలోని నాటకాలంటే ఆయనకు చిన్నచూపు. బళ్లారి వారి ప్రదర్శనలు చూశాక మనసు మారింది. అదే ఏడాది జూలై 1న మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకరంగం ఆ సభతోనే మొదలైందని తమిళులు చెప్పుకుంటారు. సుగుణ విలాస సభ మౌంట్‌రోడ్డుకు మారేలోపు చాలా ఏళ్లు ఈ విక్టోరియా హాలునే ఇల్లుగా చేసుకుంది. తమిళంతో పాటు తెలుగు నాటకాలూ ఆడింది. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ ఆ సభ వారితో కలిసి నటించాడు.

ఇది గర్వంగా చెప్పుకోదగ్గ కథ. అయితే గర్వపడి వదిలేస్తే అందులోని అసలు విషయం చేజారిపోతుంది. బళ్లారి నుంచి వచ్చిన వకీలుకు మద్రాసులో సొంత నాటకశాల లేదు. పద్దెనిమిదేళ్ల సంబంధ ముదలియార్‌కు అసలే లేదు. వాళ్లకు దొరికింది పగలు ఉపన్యాసానికీ రాత్రి నాటకానికీ ఎవరడిగినా ఇచ్చే ఒక గది, అంతే. ఆ గది లేకుంటే సరస వినోదిని సభ మద్రాసు రావడానికి నాటకశాల యజమాని ఎవరో కనికరించాలి. అలా కనికరించేవాడు అప్పటికే జనాన్ని రప్పించగలనని నిరూపించుకున్న కంపెనీనే పిలుస్తాడు గానీ కొత్తవాళ్లను పిలవడు.

సినిమా సంగతి చూస్తే ఇదే మరింత స్పష్టమవుతుంది. మద్రాసులో తొలి చలనచిత్ర ప్రదర్శనల్లో ఒకటి 1897లో ఈ హాలులోనే జరిగింది. ఎడ్వర్డ్స్ అనే యూరోపియన్ చిన్న చిన్న తునకలు వేసి చూపించాడు. సరిగ్గా అదే ఏడాది ఫిబ్రవరిలో పడమటి దేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు ఇదే హాలులో ‘నా కార్యప్రణాళిక’ అన్న అంశం మీద ప్రసంగించాడు. ఒకే కప్పు కింద, ఒకే ఏడాది, సన్యాసి ఉపన్యాసమూ బొమ్మలాటా! మరో పదమూడేళ్లకు, 1910లో, మచిలీపట్నం నుంచి వచ్చి మద్రాసులో ఫోటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య గౌమాంట్ కంపెనీ వారి క్రోనో మెగాఫోన్ యంత్రం తెప్పించాడు. తెర మీద బొమ్మ, పక్కన రికార్డులోంచి శబ్దం. దాన్ని ఆయన ముందు ప్రదర్శించింది విక్టోరియా హాలులోనే. తర్వాత యంత్రం పట్టుకుని ఊళ్లు తిరిగాడు, సింహళం, బర్మా దాకా వెళ్లాడు. గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు కట్టించాడు. తెలుగు సినిమా పితామహుడిగా నిలిచిపోయాడు. ఆయన పేరిట ప్రభుత్వ పురస్కారం ఇస్తున్నాం. థియేటరు కట్టించే స్తోమత రాకముందు ఆయన మొదటి ప్రేక్షకులను ఎక్కడ కూర్చోబెట్టాడన్నది మాత్రం ఎవరూ తలవరు.

నగరానికి హాలు చేసే మేలు ఇదే. ఏ కళ అయినా, ఏ ఉద్యమమైనా, ఏ వ్యాపారమైనా తొలి అడుగులో సొంత భవనంతో రాదు. అద్దెకు చోటు దొరికితే ఆ అడుగు పడుతుంది, దొరక్కపోతే ఆ ఆలోచన ఎవరింటి వరండాలోనో ముగిసిపోతుంది. అందుకే మునిసిపల్ హాలుకు పెట్టే అద్దె రాబడి పద్దు ఒక్కటే అనుకోరాదు, అది నగరం పాటించే సాంస్కృతిక విధానం కూడా. రాజ్యాంగమూ ఆ బాధ్యతను గుర్తించింది. 74వ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విధులు ఉన్నాయి. వాటిలో సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను పెంపొందించడం ఒకటి. నీటి సరఫరా, రోడ్లు, పారిశుధ్యం సరసనే అదీ ఉంది. మన కార్పొరేషన్ల బడ్జెట్ పుస్తకాల్లో దానికి దక్కే చోటు ఎంతో కౌన్సిలర్లకు తెలుసు.

పాత కాలాన్ని నెత్తిన పెట్టుకోవాలని నేను అనడం లేదు. 1890ల విక్టోరియా హాలు ‘పబ్లిక్’ అని పేరు పెట్టుకున్నా, ఆ పబ్లిక్‌లో లేనివారే ఎక్కువ. చందాలిచ్చినవారు రాజులు, జమీందారులు. సభ్యులైనవారు వకీళ్లు, ఉద్యోగులు. సుగుణ విలాస సభ వారి నాటకాల్లో ఆడ వేషాలు మగవారే వేసేవారు. పొద్దంతా హార్బరులో బస్తాలు మోసిన కూలీకి రాత్రి ఆ మెట్లెక్కే వీలు ఎంతుండేదో ఊహించడం కష్టం కాదు. అందుకే ఇప్పుడు తెరిచే తలుపులు అప్పటికంటే వెడల్పుగా ఉండాలంటున్నాను. అప్పటిలాగా ఉంటే చాలదు.

ఇక హాలు ఎలా పాడైందో చూద్దాం. నాలుగు కారణాలు ఒకదానికొకటి తోడయ్యాయి. సినిమా ఎదిగి తన థియేటర్లు తను కట్టుకుంది. నాటక, సంగీత సభలు మైలాపూరు, త్యాగరాయనగరం వైపు తరలి సొంత హాళ్లు వేసుకున్నాయి. నగర కేంద్రం పార్క్‌టౌన్ నుంచి దక్షిణానికి జరిగింది. ఈ మూడూ ఎవరి తప్పూ కాదు, నగరాలు అలాగే పెరుగుతాయి. నాలుగోది మాత్రం మనుషుల పని. నామమాత్రపు గుత్తకు వచ్చిన మూడెకరాలు నగరం నడిబొడ్డున కోట్ల విలువ చేసే నేలగా మారాయి. ఆవరణలో హోటలు, దుకాణాలు వెలిశాయి. హాలు నడపడంకన్నా చుట్టూ ఉన్న నేల లాభసాటి అయిపోయాక హాలు మీద శ్రద్ధ ఎవరికుంటుంది? 1985లో 99 ఏళ్ల గుత్త గడువు తీరింది. అదే ఏడాది మే నెలలో, ఆ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ కాలి బూడిదైంది. పాత పుస్తకాల కోసం తెలుగు రచయితలు, విద్యార్థులు వెతుకులాడిన మార్కెట్ అది. ఒక్క ఏడాదిలో ఆ వీధి తన సందడిలో సగం పోగొట్టుకుంది. గడువు తీరాక నేల నాదంటే నాదని ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. కోర్టుల్లో కాగితాలు కదులుతున్నంత కాలం ఇక్కడ కప్పు కారుతూనే ఉంది.

కప్పు కారడం చిన్న మాటలా అనిపిస్తుంది గానీ, ఇలాంటి భవనానికి ప్రాణాంతకం అదే. ఆనాటి గోడలు ఇటుకా, సున్నపు గచ్చూ. సున్నం తేమను పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. గోడ అలా ఊపిరి తీసుకుంటూనే నిలబడుతుంది. బీటలు కనిపించగానే పైన సిమెంటు మెత్తితే లోపలి తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. సిమెంటు పైకి గట్టిగా, నున్నగా కనిపిస్తుంది. వెనకాల ఉప్పు పేరుకుని ఇటుక పిండి పిండిగా రాలిపోతుంటుంది. మన ఊళ్లలో పాత కచేరీలకు, బడులకు, సత్రాలకు ‘మరమ్మతు’ పేరిట జరిగింది ఇదే. సున్నం నానబెట్టి, గానుగలో ఇసుకతో కలిపి నూరి, బెల్లమూ కరక్కాయా కలిపిన నీళ్లు పోసి గచ్చు తయారుచేసే పనివాళ్లు ఇప్పుడు ఏ కొద్దిమందో. ఆ పనికి షెడ్యూలు రేటు రాయడం తెలిసిన ఇంజనీరు మునిసిపాలిటీలో దొరకడం మరీ అరుదు. అందుకే భవనం ఒకసారి పూర్తిగా దెబ్బతిన్నాక ఖర్చు కోట్లలోకి వెళుతుంది.

ఇక్కడ పురపాలక సంస్థల లెక్కల్లో ఉన్న ఒక చిక్కు చెప్పాలి. ఏటా తూములు శుభ్రం చేయించి, పెంకులు సర్ది, వైరింగ్ చూసుకునే ఖర్చు రెవెన్యూ పద్దులోకి వస్తుంది. జీతాలు, కరెంటు బిల్లులు పోగా ఆ పద్దులో మిగిలేది ఎప్పుడూ అంతంతమాత్రమే. భవనం కూలే దశకు వచ్చాక మాత్రం అది మూలధన ఖర్చు అవుతుంది. దానికి రాష్ట్ర పథకమో, మరేదో గ్రాంటో దొరుకుతుంది. శిలాఫలకమూ పడుతుంది. అంటే భవనాన్ని బాగా చూసుకున్న అధికారికి దక్కేది ఏమీ లేదు, పాడవనిచ్చి బాగుచేసినవారికి దక్కేది చాలా ఉంది. ఈ లెక్క మారనంత కాలం, ఇవాళ బాగుచేసిన హాలుకు ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఇదే కథ. విక్టోరియా హాలు అద్దెల మీద వచ్చే ప్రతి రూపాయీ విడి ఖాతాలో ఉండి, ఆ హాలు మరమ్మతుకే ఖర్చు కావాలని నేను కోరేది ఇందుకే. సాధారణ నిధిలో కలిస్తే అది తిరిగి రాదు.

మన రెండు రాష్ట్రాల్లోకి వద్దాం. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1890లో టౌన్‌హాలు కట్టించాడు. అంటే విక్టోరియా హాలుకు అది ఈడుజోడు. ఒక సంఘసంస్కర్త తన ఊరికి ముందు అవసరమైనవాటిలో సభాస్థలిని లెక్కించాడంటే దాని విలువ ఆయనకు తెలుసు. వాదించడానికి చోటు లేని ఊళ్లో సంస్కరణ సాగదు. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో ఏట పౌరుల చందాలతో టౌన్‌హాలు మొదలుపెట్టి 1913లో పూర్తిచేశారు. తర్వాత అదే శాసనసభ భవనమైంది. అంతకంటే గొప్ప పదోన్నతి ఏ టౌన్‌హాలుకూ దక్కదు. కానీ పౌరులు చందాలేసుకుని కట్టుకున్న హాలులో పౌరుడు సభ పెట్టుకునే వీలు అప్పటితో పోయింది. ఆ లోటును రవీంద్రభారతి కొంత తీర్చిందనుకోవచ్చు. విజయవాడలో తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం, రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం నగరపాలక సంస్థల చేతిలో ఉన్నాయి. నెల్లూరులో, విశాఖ వన్‌టౌన్‌లో పాత టౌన్‌హాళ్లున్నాయి. చోటు లేదని కాదు.

వాటిని వాడుకునేవారిని అడిగితే అసలు బాధ తెలుస్తుంది. పరిషత్తు నాటకాలాడే సమాజం ఏదైనా సరే, ఒక రోజు హాలు కావాలంటే ముందు దరఖాస్తు, తర్వాత ధరావతు, దాని మీద జీఎస్టీ, పారిశుధ్యం రుసుము, ఏసీకి గంటల లెక్కన వేరే, సౌండు సిస్టం వేరే. రిహార్సల్‌కు ముందురోజు సాయంత్రం కావాలంటే మళ్లీ సగం అద్దె. ఇంతా కట్టాక, ప్రదర్శనకు రెండు రోజుల ముందు ‘అధికారిక కార్యక్రమం ఉంది, మీ తేదీ మార్చుకోండి’ అని ఫోను. కరపత్రాలు పంచేశారు, వేరే ఊరి నుంచి హార్మోనిస్టు బయల్దేరాడు, ఆడపాత్రలు వేసే నటీమణికి అడ్వాన్సు ఇచ్చేశారు. ఎవరికి చెప్పుకుంటారు? అదే హాలు పెళ్లి రిసెప్షన్‌కో, సంస్థల సమావేశానికో ఇస్తే పేచీ లేకుండా పూర్తి అద్దె వస్తుంది. కాబట్టి గుమాస్తా దృష్టిలో నాటకం వాళ్లు గిట్టుబాటు కాని గిరాకీ. అతన్ని తప్పుపట్టడానికి లేదు, పైవాళ్లు అతన్ని రాబడి ఒక్కటే అడుగుతారు.

అనుమతుల సంగతి ఇంకో ఎత్తు. బెంగళూరులో 1935లో ప్రారంభమైన పుట్టణ్ణ చెట్టి టౌన్‌హాలు లోపల కార్యక్రమాలకు ఎంత పేరుందో, దాని ముందరి మెట్లకూ అంత పేరుండేది. కార్మికులు, రచయితలు, విద్యార్థులు ఏ విషయం మీద గొంతెత్తాలన్నా ఆ మెట్ల మీదే నిలబడేవారు. ట్రాఫిక్ ఇబ్బందుల పేరుతో ఇప్పుడు నిరసనలన్నీ ఫ్రీడమ్ పార్కుకు పరిమితం చేశారు. ట్రాఫిక్ కష్టం నిజమే, కాదనను. కానీ టౌన్‌హాలు పుట్టిందే ఊరు తన మాట తాను వినడానికి. పురపాలక సంస్థను విమర్శించే సభకు పురపాలక సంస్థ హాలు దొరకాలి. దరఖాస్తులో ‘విషయం’ అన్న గడి చూసి తేదీ ఖాళీ లేదనే పద్ధతి ఉన్నచోట ఎంత సున్నం గచ్చు చేయించినా ఆ భవనం ప్రజలది కాదు.

మరి అద్దె ఎంత ఉండాలి? ఉచితంగా ఇవ్వాలని నేననను. ఉచితమైతే పలుకుబడి ఉన్నవాళ్లే వరస ముందుకొస్తారు, మిగతావాళ్లకు మళ్లీ మిగిలేది శూన్యం. స్థానిక నాటక, సంగీత, సాహిత్య సంఘాలకూ, బడులకూ, కార్మిక సంఘాలకూ ఆ సాయంత్రం అయ్యే కరెంటు, శుభ్రత, కాపలా ఖర్చు మాత్రమే తీసుకోవాలి. టిక్కెట్టు పెట్టి వ్యాపారంగా చేసేవారి దగ్గర, కంపెనీల దగ్గర బజారు ధర తీసుకోవాలి. ఈ పై ధర కింది ధరను మోస్తుంది. నెలలో కొన్ని శని, ఆదివారాలు కింది ధర వారికే అని ముందే కట్టేయాలి, లేకపోతే మంచి రోజులన్నీ డబ్బున్నవారికే పోతాయి. రిహార్సల్ రోజు అద్దెలో కలిసే ఉండాలి. ఒకసారి ఇచ్చిన తేదీని ప్రభుత్వం కూడా వెనక్కి తీసుకోరాదు. తప్పనిసరై తీసుకుంటే కట్టిన సొమ్ముతో పాటు నష్టపరిహారమూ ఇవ్వాలి. ఏ తేదీ ఎవరికిచ్చారు, ఎంతకిచ్చారు, ఎవరికి కాదన్నారు అన్న రిజిస్టరు ఎవరైనా చూడగలిగేలా హాలు గోడ మీదా ఇంటర్నెట్‌లోనూ పెట్టాలి. ఇందులో చట్టం మార్చాల్సిన పని ఒక్కటీ లేదు. కౌన్సిల్ తీర్మానం చాలు.

చెన్నై విషయంలో మరొక మాట. విక్టోరియా హాలు కింది అంతస్తులో మ్యూజియం రావడం మంచిదే. సరస వినోదిని సభ, వెంకయ్య మెగాఫోన్ కథ ఆ గోడల మీద తెలుగులో కూడా రాసి ఉండాలని చెన్నై తెలుగు సంఘాలు అడగాలి. అయితే మ్యూజియంతో సరిపెట్టుకుంటే పై అంతస్తు వేదిక నెమ్మదిగా ప్రారంభోత్సవాలకూ ప్రముఖుల సన్మానాలకూ పరిమితమయ్యే ప్రమాదం ఉంది. తమిళనాడులో తెలుగు మాట్లాడే కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. విజయవాడ, హైదరాబాద్, విశాఖ వైపు నుంచి చెన్నై వచ్చే రైళ్లు చాలావరకు సెంట్రల్‌లోనే ఆగుతాయి. 1891లో బళ్లారి వారు మద్రాసు చేరినదానికంటే ఎంతో తేలికగా ఒక తెలుగు సమాజం ఇవాళ తెర సామాను దించుకుని నడిచి వెళ్లగలిగే దూరంలో ఆ వేదిక ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, చెన్నైలోని తెలుగు సంస్థలు కలిసి ఏటా ఒక వారం తేదీలు ముందుగానే కోరాలి. తెలుగు నాటకంతో మొదలైన ఒక తమిళ నాటక సంప్రదాయానికి గుర్తుగా రెండు భాషల నాటకాలనూ అదే వారంలో పెట్టవచ్చు. ఆ వారానికి కింది ధరే తీసుకోవాలని చెన్నై నగరపాలక సంస్థను కోరడంలో మొహమాటపడనక్కరలేదు.

ఇటు మన మునిసిపల్ కౌన్సిళ్లు ఏప్రిల్ నుంచి మొదలయ్యే కొత్త ఏడాది బడ్జెట్‌ను మార్చిలోపు ఆమోదించుకోవాలి. హాళ్ల అద్దెల సవరణ కూడా సాధారణంగా ఆ బల్ల మీదికే వస్తుంది. ‘గత మూడేళ్లుగా పెంచలేదు కనుక ఇంత శాతం పెంచవచ్చు’ అన్న కార్యాలయ నోటు చదివి, చర్చ లేకుండా ఆమోదం తెలపడం అలవాటు. ఈసారి ఆ నోటు వచ్చినప్పుడు గత ఏడాది హాలు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది, ఎన్ని రోజులు ఊరి సంఘాలకు దక్కింది, ఎన్ని తేదీలు రద్దయ్యాయి అన్న మూడు లెక్కలూ జతచేయమని ఒక్క కౌన్సిలరైనా అడగాలి. ఆ లెక్కలు బల్ల మీదికి వచ్చేదాకా అద్దె పెంపు తీర్మానాన్ని వాయిదా వేయమనాలి.